స్నోలో ఏ కారు బెటర్? ముందు మీ ఇంటి ముందున్న అర మైలు చూసుకోండి

అక్టోబర్ వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలు. డెట్రాయిట్ చుట్టుపక్కల ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మనవాళ్ళు బాగానే ఉన్నారు, అందులో టెక్సాస్ నుంచి ప్రాజెక్ట్ మారి వచ్చినవాళ్ళు, డైరెక్ట్‌గా హైదరాబాద్ నుంచి దిగినవాళ్ళు ఉంటారు, వాళ్ళకి ఇదే మొదటి చలికాలం. "అన్నా, స్నోకి ఏ కారు తీసుకోమంటావ్?" అని అడుగుతారు గానీ సగం జవాబు వాళ్ళ దగ్గరే ఉంటుంది, ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకీ పవర్ పోయేది) లేకపోతే ఇక్కడ బతకలేవని అప్పటికే ఎవరో ఒకరు భయపెట్టేసి ఉంటారు. నేను తిరిగి అడిగేది ఒకటే. మీ ఇంటి నుంచి మెయిన్ రోడ్డు దాకా ఎంత దూరం, మధ్యలో ఎక్కడైనా ఎత్తు ఉందా?

ఎందుకంటే ఇక్కడ ఐ-75, ఐ-696 లాంటి హైవేల మీద స్నో పడుతుండగానే దాన్ని పక్కకి తోసే ప్లో ట్రక్కులు తిరుగుతూ ఉప్పు చల్లేస్తుంటాయి. తర్వాత పెద్ద రోడ్లు. మన సబ్‌డివిజన్ (ఇళ్ళ కాలనీ) లోపలి వీధుల వంతు చివర్లో వస్తుంది, ఒక్కోసారి మర్నాటికి గానీ రాదు. అంటే ఇరవై మైళ్ళ కమ్యూట్‌లో పందొమ్మిదిన్నర మైళ్ళు మామూలు కారుతో నెమ్మదిగా వెళ్ళిపోవచ్చు, మనం ఇరుక్కునేది ఆ మొదటి అర మైలులోనే.

నా మొదటి చలికాలం సంగతి చెప్తా. వెనక చక్రాలు లాగే ఒక సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొన్నా, ఎర్రది, చూడగానే పడిపోయా అంతే. మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర చిన్న ఎత్తు ఉండేది, మన దగ్గర కల్వర్టు మీదకి ఎక్కేటప్పుడు ఉంటుందే, అంతకన్నా ఎక్కువ లేదు. పొద్దున్నే నాలుగు అంగుళాల స్నోలో గ్యాస్ (యాక్సిలరేటర్) తొక్కితే వెనక టైర్లు గిర్రున తిరిగి కింద ఉన్న స్నోని అరగదీసి అద్దంలా చేసేశాయి, ఇంకా తొక్కితే కారు వెనక భాగం మెల్లగా పక్కకి, డంప్‌స్టర్ (పెద్ద చెత్త డబ్బా) వైపు పోతోంది. పక్క బిల్డింగ్‌లో ఉండే ఒక తెల్ల తాతగారు పైజామా మీద కోటు వేసుకుని వచ్చి, ఏమీ మాట్లాడకుండా పిల్లులకి వేసే లిట్టర్ (ఇసకలాంటి పొడి) బ్యాగు చింపి రెండు టైర్ల ముందూ పోసి, ఇప్పుడు వెళ్ళు అని చేత్తో సైగ చేశాడు. వెళ్ళిపోయింది! పది డాలర్ల కిట్టీ లిట్టర్ బ్యాగు చేసిన పని ఆ రోజు మూడొందల హార్స్‌పవర్ చేయలేకపోయింది.

అసలు ఏమేం చూడాలి

స్నోలో కారు చేయాల్సిన పనులు మూడు: కదలాలి, తిరగాలి, ఆగాలి. మనవాళ్ళు మూడింటినీ కలిపి "గ్రిప్" అనేస్తారు, తికమక అంతా అక్కడే. ఏ చక్రాలకి పవర్ పోతుందనేది మెయిన్‌గా కదలడానికి పనికొచ్చే విషయం, తిరగడంలో కొంత సాయం చేస్తుంది. ఆగడంలో దాని పాత్ర దాదాపు ఏమీ లేదు, ఎందుకంటే బ్రేకులు అన్ని కార్లకీ నాలుగు చక్రాల మీదే ఉన్నాయి కదా.

ఆగడం గురించి ఒక లెక్క చూడండి. గంటకి 30 మైళ్ళ స్పీడులో బ్రేక్ నొక్కితే పొడి రోడ్డు మీద సుమారు 40 అడుగుల్లో కారు ఆగుతుంది. అదే స్పీడు, అదే కారు, గట్టిపడ్డ స్నో మీద దాదాపు 120 అడుగులు, నున్నటి ఐస్ మీదైతే 300 అడుగుల దాకా పోవచ్చు. మూడొందల అడుగులంటే వరసగా ఇరవై కార్లు పార్క్ చేసినంత పొడవు. మా ఫ్రెండ్ ఒకడు ఆల్ వీల్ ఉంది కదా అని ధీమాగా వచ్చి స్టాప్ సైన్ దాటి ఎదురింటి మెయిల్‌బాక్స్‌ని కొట్టేశాడు. వాడి మాటల్లోనే చెప్పాలంటే, "స్టార్టింగ్ బ్రహ్మాండంగా ఉందిరా, అందుకే స్నో ఉన్న సంగతే మర్చిపోయా".

నాలుగోది, ఎవరూ చెప్పనిది, కారు కింద ఎత్తు. ప్లో ట్రక్ వీధిని క్లీన్ చేస్తూ స్నోని పక్కకి తోస్తుంది, ఆ గట్టు సరిగ్గా మీ డ్రైవ్‌వే (గ్యారేజీ నుంచి వీధిలోకి వచ్చే దారి) మూతికి అడ్డంగా పడుతుంది. పొడి స్నో కాదది, ఉప్పుతో, బురదతో కలిసిన ముద్ద, రెండు గంటలు వదిలేస్తే తడి సిమెంటు బిగిసినట్టు బిగుసుకుంటుంది. కరోలా లాంటి సెడాన్ కింద అయిదు అంగుళాల పైచిలుకు ఖాళీ ఉంటుంది, ఫారెస్టర్‌కి 8.7. ఆ మూడు అంగుళాల తేడా పొద్దున ఆరింటికి పార పట్టుకుని నిలబడ్డప్పుడు తెలుస్తుంది. గట్టు మీదకి ఎక్కి పొట్ట ఆనిందంటే చక్రాలు గాల్లో ఉన్నట్టే, నాలుగూ తిరిగినా లాభం లేదు.

ఇక డబ్బులు: టైర్లు, తుప్పు. దీని సంగతి చివర్లో.

కారు కన్నా ముందు టైర్లు

కొబ్బరి నూనె సీసా చలికాలం పొద్దున చూసి ఉంటారుగా, బోర్లించినా చుక్క రాదు. మామూలు ఆల్ సీజన్ టైర్ల రబ్బరు గడ్డకట్టదు గానీ చలికి అదే దారిలో పోతుంది, సుమారు 45 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన 7 సెల్సియస్ కిందకి వచ్చేసరికి బిరుసెక్కి రోడ్డుని పట్టుకోదు. వింటర్ టైర్ రబ్బరు ఆ చలిలో కూడా మెత్తగా ఉండేలా తయారుచేస్తారు, పైగా దాని మీద సన్నటి కోతలు వేలకొద్దీ ఉంటాయి, స్నోని కరిచి పట్టుకునేవి అవే.

కొనేటప్పుడు టైర్ పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, లోపల మంచు పువ్వు ఉన్న బొమ్మ వెతకండి. అది స్నోలో టెస్ట్ పాసయితేనే వేస్తారు. ఎం ప్లస్ ఎస్ (మడ్, స్నో) అని రాసి ఉంటే మురిసిపోవద్దు, అది ట్రెడ్ (టైర్ పైన గాళ్ళున్న భాగం) డిజైన్‌ని బట్టి కంపెనీవాళ్ళే వేసుకునే ముద్ర. మధ్యేమార్గం ఆల్ వెదర్ టైర్లు, మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2 లాంటివి, వాటికి ఆ కొండ గుర్తు ఉంటుంది, ఏడాదంతా మార్చక్కర్లేదు. బ్లిజాక్ లాంటి అసలు సిసలు వింటర్ టైర్ల అంత ఐస్ మీద పట్టవు గానీ అపార్ట్‌మెంట్లో ఉండి ఇంకో సెట్ దాచుకునే చోటు లేనివాళ్ళకి నేను ఇవే చెప్తా.

అరుగుదల చూడటానికి ఒక క్వార్టర్ (పాతిక సెంట్ల నాణెం) తీసుకుని దాని మీదున్న వాషింగ్టన్ తల కిందకి వచ్చేలా టైర్ గాడిలో పెట్టండి. తల పైభాగం రబ్బరుకి తగలకుండా మొత్తం కనిపిస్తోందంటే ట్రెడ్ 4/32 అంగుళం కన్నా తక్కువే. చాలా స్టేట్స్‌లో 2/32 దాకా లీగలే, కానీ స్నోకి అది గుండు టైర్ కింద లెక్క.

ముందు చక్రాలు లాగే సెడాన్లు

కరోలా, సివిక్, ఎలాంట్రా, పాత క్యామ్రీలు. ఎమ్మెస్‌కి వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది కొనేవి ఇవే, అనవసరంగా భయపడేదీ వీళ్ళే. ఇంజిన్ బరువు మొత్తం లాగే చక్రాల మీదే కూర్చుంటుంది కాబట్టి మూడు నాలుగు అంగుళాల స్నోలో ఇవి మర్యాదగా వెళ్ళిపోతాయి. జారినా ముందుకే జారుతుంది, కాలు తీసేస్తే చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది, కొత్త డ్రైవర్‌కి ఇంతకన్నా కావాల్సిందేముంది.

తేలిపోయేది రెండు చోట్ల. ఒకటి ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు వెనక్కి పోయి ముందు చక్రాలు తేలికైపోతాయి. రెండోది ఇందాక చెప్పిన గట్టు. మీ ఇల్లు చదునుగా ఉండి, స్నో ఎక్కువ పడిన రోజు ఇంటి నుంచి పని చేసుకునే వీలుంటే, వింటర్ టైర్లు వేసిన సివిక్ చాలు. అరిగిన ఆల్ సీజన్ టైర్ల మీద నడిచే ఎస్‌యూవీ కన్నా ఇది త్వరగా ఆగుతుంది కూడా.

వెనక చక్రాలు లాగేవి

మస్టాంగ్, కమారో, మామూలు బీఎండబ్ల్యూ 3 సిరీస్. నా అనుభవం చెప్పేశా కదా. మన పొలాల్లో ట్రాక్టర్ వెనక చక్రాలతోనే దమ్ము చేస్తుందిగా అని ఒకాయన వాదించాడు, నిజమే, కానీ దానికి ఇనప కేజ్ వీల్స్ కడతాం, వెనక అంత బరువు ఉంటుంది. ఇక్కడ బరువు ముందు, పవర్ వెనక. కొన్ని స్పోర్ట్స్ మోడళ్ళకి ఫ్యాక్టరీ నుంచే సమ్మర్ టైర్లు వస్తాయి, అవి గడ్డకట్టే చలిలో నడిపితే రబ్బరు పగుళ్ళు కూడా ఇస్తుంది. వింటర్ టైర్లు వేస్తే బండి నడుస్తుంది, కాదనను. 2012 మోడల్ నుంచి అమెరికాలో అన్ని కార్లకీ స్టెబిలిటీ కంట్రోల్ (కారు పక్కకి జారకుండా దానంతటదే సర్దే ఏర్పాటు) తప్పనిసరి కాబట్టి పాత రోజుల్లోలా ఊరికే బొంగరంలా తిరిగిపోదు. కానీ ఇంట్లో ఉన్నది ఒకటే కారైతే వద్దు, నా మాట వినండి.

ఆల్ వీల్ క్రాసోవర్లు

ఆర్ఏవీ4, సీఆర్-వీ, రోగ్, సుబారూవాళ్ళ ఫారెస్టర్, క్రాస్‌ట్రెక్. మనవాళ్ళ పార్కింగ్ లాట్లు చూస్తే గుడికైనా బర్త్‌డే పార్టీకైనా సగం ఇవే. ఎత్తు ఉంటుంది, కదలడానికి ఢోకా లేదు, ఏటవాలు డ్రైవ్‌వే ఉన్నవాళ్ళకి నిజంగా పనికొస్తుంది. అయితే పేరు ఒకటే అయినా లోపల సరుకు వేరు. చాలా క్రాసోవర్లు మామూలుగా ముందు చక్రాలతో నడుస్తూ, జారుతున్నట్టు అనిపిస్తే వెనక్కి పవర్ పంపిస్తాయి. సుబారూలో నాలుగు చక్రాలకీ ఎప్పుడూ పవర్ పోతూనే ఉంటుంది. టొయోటా హైబ్రిడ్లలో, అంటే ఆర్ఏవీ4 హైబ్రిడ్, సియెన్నా, ప్రయస్ లాంటివాటిలో, ముందు నుంచి వెనక్కి షాఫ్టే ఉండదు, వెనక విడిగా ఒక మోటార్ ఉంటుంది. ఆ మోటార్ సైజు చూసుకోవాలి: 2019లో వచ్చిన ప్రయస్ ఆల్ వీల్‌లో వెనక మోటార్ ఏడు హార్స్‌పవర్ మాత్రమే, సిగ్నల్ దగ్గర నుంచి కదిలించడానికి సరిపోతుంది, అంతకు మించి ఆశ పెట్టుకోకూడదు. 2023 మోడల్లో బాగా పెంచారు.

ఇందులో ఖర్చు ఎక్కడుందంటే, ఒక టైర్ పంక్చరై పనికిరాకుండా పోతే ఒక్కటే మారుస్తామంటే కుదరదు. నాలుగింటి సైజు దాదాపు సమానంగా ఉండాలి, లేకపోతే చక్రాలకి పవర్ పంచే డిఫరెన్షియల్ మీద భారం పడుతుంది, చాలాసార్లు నాలుగూ కొనాల్సి వస్తుంది. బడ్జెట్ టైట్‌గా ఉన్న స్టూడెంట్‌కి నేను ఆల్ వీల్ వద్దనేది ఇందుకే. పాత ఆల్ వీల్ కొని టైర్లకి డబ్బుల్లేక గుండు టైర్ల మీద తిరిగేవాళ్ళని చూశా, ఆ డబ్బుతో మంచి కరోలా, దానికో వింటర్ సెట్ వచ్చేసేవి.

ఫోర్ బై ఫోర్ జీపులు, పికప్‌లు

రాంగ్లర్, ఎఫ్-150, సిల్వరాడో. అడుగు స్నోలో వెళ్ళాలంటే, ఇల్లు టౌన్ బయట ప్లో రాని మట్టి రోడ్డు మీద ఉంటే, వీటిని మించినవి లేవు. చాలావాటిలో ఫోర్ బై ఫోర్ మనమే వేసుకోవాలి, పొడి రోడ్డు మీదకి రాగానే తీసేయాలి, తీయకపోతే టర్నింగుల్లో పట్టేసినట్టయి గేర్లు పాడవుతాయి. అది తీసేసినప్పుడు పికప్ అనేది ఒట్టి వెనక చక్రాల బండి, వెనక తొట్టె ఖాళీ, నా ఎర్ర కారు కన్నా ఏం మెరుగు కాదు. అందుకే వెనక ఇసక బస్తాలు వేసుకుని తిరుగుతారు ఇక్కడివాళ్ళు. ఆఫీసు, కాస్ట్‌కో, పిల్లల కూచిపూడి క్లాసు ఇంతే మీ తిరుగుడైతే ఇది మీకు కాదు.

ఎలక్ట్రిక్

నడక వరకు ఇవి స్నోలో బాగుంటాయి, చాలామంది నమ్మరు. బ్యాటరీ బరువు కిందే, ముందూ వెనకా సమానంగా ఉంటుంది, మోటార్ జారుడుని ఇంజిన్ కన్నా చాలా వేగంగా పసిగట్టి తగ్గిస్తుంది. డ్యూయల్ మోటార్ అయితే ఇంకా మంచిది. ఒక్కటే జాగ్రత్త, ఐస్ మీద గ్యాస్ పెడల్ ఒక్కసారిగా వదిలితే రీజెన్ బ్రేకింగ్ (పెడల్ వదలగానే మోటారే కారుని ఆపుతూ బ్యాటరీ నింపడం) చక్రాలని పట్టేసి కారు జారొచ్చు, మెల్లగా వదలాలి, తగ్గించే సెట్టింగ్ ఉంటే తగ్గించుకోవాలి.

సమస్యంతా రేంజ్‌ది, అంటే ఒక చార్జ్‌కి వెళ్ళే దూరానిది. గట్టి చలిలో మూడో వంతు పోయిందనుకునే ప్లాన్ చేసుకోండి. హీట్ పంప్ (తక్కువ కరెంటుతో వేడి చేసేది) ఉన్నవి కొంచెం నయం, టెస్లాలో మోడల్ వైకి 2020 నుంచి, మోడల్ 3కి 2021 నుంచి వచ్చింది. 2024 జనవరిలో షికాగోలో చలి సున్నా ఫారెన్‌హీట్ కిందకి పోయినప్పుడు చార్జింగ్ స్టేషన్ల దగ్గర కార్లు గంటలకొద్దీ లైన్లో ఉండిపోవడం టీవీల్లో చూశాం, చల్లబడ్డ బ్యాటరీ చార్జ్ ఎక్కడానికే చాలాసేపు తీసుకుంటుంది. కాబట్టి ఇంట్లో గ్యారేజీ, అందులో చార్జర్ ఉంటే ఈవీ తీసుకోండి, రాత్రి ప్లగ్ పెట్టి పొద్దున బయల్దేరే ముందే వేడి చేసుకుంటే హాయి. అపార్ట్‌మెంట్లో ఉండి పబ్లిక్ చార్జర్ మీద ఆధారపడేవాళ్ళకి మిషిగన్ చలికాలంలో మాత్రం చెప్పను.

దారిలో ఇరుక్కుపోతే ఈవీ చచ్చిపోతుందని ఒక భయం ఉంది. 2022 జనవరిలో వర్జీనియా ఐ-95 మీద వందలాది కార్లు రాత్రంతా ఆగిపోయాక ఇది ఎక్కువైంది. నిజానికి కేబిన్ వెచ్చగా ఉంచడానికి పెద్దగా కరెంటు అక్కర్లేదు, సగం చార్జ్ ఉంటే రాత్రి గడుస్తుంది. ప్రమాదం ఇంకోవైపు ఉంది. పెట్రోల్ కారు ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని కూర్చున్నప్పుడు సైలెన్సర్ గొట్టం స్నోతో మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది, వాసన కూడా రాదు. మధ్యమధ్యలో దిగి గొట్టం చుట్టూ తవ్వాల్సిందే.

మినీ వ్యాన్

అమ్మానాన్న ఆరు నెలలకి వచ్చారంటే మనకి వ్యాన్ తప్పదు. ఒడిస్సీ ముందు చక్రాలదే, ఆల్ వీల్ ఆప్షన్ లేదు. సియెన్నా 2021 నుంచి అన్నీ హైబ్రిడ్, ఆల్ వీల్ ఆప్షన్ ఉంది. పసిఫికాలో కూడా దొరుకుతుంది. మా ఇంట్లో ఒడిస్సీనే, ఆల్ వెదర్ టైర్లతో ఆరు చలికాలాలు లాగించాం, డ్రైవ్‌వే చదును కాబట్టి. వాలు ఉంటే సియెన్నా ఆల్ వీల్‌కి పోయేవాళ్ళం.

ఒక్క చూపులో కావాలంటే:

| రకం | కదలడం | టర్నింగులో | కింద ఎత్తు | ఎవరికి |
|---|---|---|---|---|
| ముందు చక్రాల సెడాన్ | చదునులో బాగు, ఎత్తులో కష్టం | కొత్తవాళ్ళకి తేలిక | తక్కువ | స్టూడెంట్స్, చదును వీధులు |
| వెనక చక్రాలది | వీక్ | వెనక భాగం తన్నుతుంది | తక్కువ | రెండో కారుగా |
| ఆల్ వీల్ క్రాసోవర్ | బాగు | బాగు | బాగు | వాలు డ్రైవ్‌వే, పొద్దున్నే డ్యూటీ |
| ఫోర్ బై ఫోర్ పికప్ | అన్నిటికన్నా బెస్ట్ | బరువు వల్ల జాగ్రత్త | ఎక్కువ | ప్లో రాని రోడ్లు |
| ఈవీ, రెండు మోటార్లు | బాగు | బాగు, రీజెన్ చూసుకోవాలి | మోడల్‌ని బట్టి | ఇంట్లో చార్జర్ ఉన్నవాళ్ళు |
| మినీ వ్యాన్ | సెడాన్ లాగే | నిదానం | తక్కువ | పెద్ద ఫ్యామిలీ |

"ఆగడం" అనే గడి కావాలనే పెట్టలేదు, పెడితే అన్ని వరసల్లోనూ టైర్లని బట్టి అని రాయాలి.

మీ పరిస్థితి వేరైతే

హాస్పిటల్లో పని చేసే నర్సులు, డాక్టర్లు, ప్లాంట్‌లో మొదటి షిఫ్ట్‌వాళ్ళు ప్లో రాకముందే బయల్దేరాలి, సెలవు పెట్టే వీలుండదు. మీకు ఆల్ వీల్ ప్లస్ వింటర్ టైర్లు, రెండూ. బేరం చేయొద్దు. న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలోవైపు ఉన్నవాళ్ళకీ ఇదే మాట, అక్కడ పెద్ద సరస్సు మీదుగా వచ్చే గాలితో పడే లేక్ ఎఫెక్ట్ స్నో ఒక్కసారి మొదలైతే అడుగుల లెక్కన పడుతుంది. అయితే 2022 క్రిస్మస్ తుఫానులో కార్లలోనే చిక్కుకుని ప్రాణాలు పోయినవాళ్ళున్నారు, ఆ రోజు ఏ కారున్నా బయటికి వెళ్ళకూడదు.

కాలిఫోర్నియా బే ఏరియావాళ్ళు టాహో కొండల ట్రిప్పు కోసం అడుగుతారు. ఏడాదికి రెండు ట్రిప్పుల కోసం కారు మార్చక్కర్లేదు, టైర్లకి చుట్టే చైన్లు కొనుక్కుని ఇంటి దగ్గరే ఒకసారి వేసి చూసుకోండి. అక్కడ ఆర్2 (చైన్లు వేసుకోవాలనే నియమం) బోర్డు పెడితే నాలుగు చక్రాల పవర్, నాలుగు స్నో టైర్లు ఉన్న కారుకి చైన్ మినహాయింపు ఉంటుంది గానీ, మన దగ్గర చైన్లయితే ఉండాలి. డెన్వర్‌వాళ్ళకి ఐ-70 కొండల్లో సెప్టెంబర్ నుంచి మే దాకా ట్రాక్షన్ రూల్ (స్నోకి తగ్గ టైర్లో, చైన్లో ఉండాలని) ఉంటుంది. మాంట్రియల్‌లో ఉంటే ఆలోచించే పనే లేదు, క్యుబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టం.

హైదరాబాద్ నుంచి మనాలి సెల్ఫ్ డ్రైవ్ ప్లాన్ చేసేవాళ్ళు కూడా అడిగారు ఒకసారి. 9 కిలోమీటర్ల అటల్ టన్నెల్ 2020లో తెరిచాక జనం అటు సిస్సు దాకా పోతున్నారు, కానీ స్నో పడ్డ రోజున పోలీసులు కిందే ఆపేసి ఫోర్ బై ఫోర్‌లనే వదులుతుంటారు. అక్కడ మన బండి మనాలిలో పెట్టేసి లోకల్ డ్రైవర్‌ని మాట్లాడుకోవడం ఉత్తమం, ఆ మలుపుల్లో పరువుకి పోతే లోయలో తేలతాం.

చివరగా డబ్బుల సంగతి, సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకి

వింటర్ టైర్లు, వాటికి విడిగా స్టీల్ రిమ్స్ కలిపి మామూలు సెడాన్‌కి వెయ్యి డాలర్లు అటూ ఇటూ అవుతుంది. ఎక్కువే, కానీ నాలుగైదు సీజన్లు వస్తాయి, ఆ నెలల్లో మీ మామూలు టైర్లు అరగకుండా మిగులుతాయి. ప్రతి పది ఫారెన్‌హీట్ చలికి టైర్లో గాలి ఒత్తిడి ఒక పీఎస్ఐ తగ్గుతుంది, నవంబర్లో టైర్ గాలి తక్కువుందని చెప్పే లైట్ వెలిగిందని మెకానిక్ దగ్గరికి పరిగెత్తకండి, గాలి కొట్టుకోండి.

డీలర్ కొత్త టైర్లండీ అంటే పక్క గోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే కోడ్ చివరి నాలుగు అంకెలు చూడండి. 3518 అని ఉంటే 2018లో 35వ వారం తయారైందని, అది కొత్తది కాదు. తర్వాత ఒక పాత అట్ట ముక్క వేసుకుని కారు కింద పడుకుని ఫోన్ టార్చ్ వేయండి, బట్టలు పాడవుతాయని మొహమాటపడొద్దు. ఇక్కడి రోడ్ల ఉప్పు పదేళ్ళు తిన్న కారు పైన పెయింట్ మెరుస్తూనే ఉంటుంది, కింద బ్రేక్ లైన్లు, సస్పెన్షన్ బిగించిన చోట్లు మాత్రం అప్పడంలా పొరలు లేస్తుంటాయి. గోరుతో గీకితే రేకులు ఊడొస్తున్నాయా, అది ఆల్ వీలైనా ఎంత తక్కువకిచ్చినా సరే, లేచి దులుపుకుని వచ్చేయండి.